చిన్న కథ పాఠకుడి దగ్గర చేబదులు తీసుకుంటుంది

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ఏడాదిగా మీరు వంద నుంచి రెండు వందల మాటల్లో కథలు రాస్తున్నారు. చదివినవాళ్ళలో కొందరు భలే ఉందంటున్నారు, కొందరు "ఇది కథేంటి, మొదలుపెట్టి ఆపేశారు" అంటున్నారు. ఫ్లాష్ ఫిక్షన్‌కి సొంత బలం ఏమైనా ఉందా, లేక పెద్ద కథ రాసే ఓపిక లేనివాళ్ళ అడ్డదారా అని అడిగారు. మీరు రాసిన కథ ఒకటి జత చేశారు. దాని సంగతి చివర్లో చెప్తాను.

బలం ఉంది, హద్దులూ ఉన్నాయి. రెండూ ఒకే చోట పుడతాయి. అది అర్థమయ్యేదాకా నాకు చాలా ఏళ్ళు పట్టింది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. నేను కార్డు కథలతో, అంటే ఒక పోస్టుకార్డు మీద పట్టే కథలతో మొదలుపెట్టినవాణ్ణి. తర్వాత పన్నెండేళ్ళు ఒక వారపత్రికకి వచ్చే పేజీ కథల్ని వడపోసే పని చేశాను. మామూలు వారాల్లో ఒక కట్ట వచ్చేది, పండగ పోటీలప్పుడు సంచుల్లో వచ్చేవి. వేలల్లో చదివాను. అచ్చుకి పంపినవి చాలావరకు మర్చిపోయాను, ఓ ఇరవై ముప్ఫై మాత్రం ఇప్పటికీ వాక్యాలతో సహా గుర్తున్నాయి. అవే ఎందుకు మిగిలాయని ఆలోచిస్తే తేలిన సంగతులు ఇవి.

ముందు పేరు గురించి ఒక్క మాట. ఫ్లాష్ ఫిక్షన్ అనే పేరు 1992లో అమెరికాలో వచ్చిన ఒక సంకలనంతో బాగా వాడుకలోకి వచ్చింది. అందులో కథలు 750 మాటలు దాటకూడదని పెట్టుకున్నారు. ఆ పేరు మన దాకా రాకముందే మనకి గల్పిక ఉంది, కార్డు కథ ఉంది, పేజీ కథ ఉంది, మినీ కథ ఉంది. కొడవటిగంటి కుటుంబరావు గారు గల్పికలు బోలెడు రాశారు. ఒక అభిప్రాయాన్నో సామాజిక విషయాన్నో చిన్న సన్నివేశంలో పెట్టి వాదించే పద్ధతి అది. కార్డు కథ పూర్తిగా వేరు. దాని కొలత తపాలా శాఖ ఇచ్చింది. పోస్టుకార్డు 14 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు. నా చేతిరాతలో, అడ్రసు వైపు సగం కూడా వాడుకుంటే, నూటపాతిక మాటలు పట్టేవి. నూటపాతిక దాటితే అక్షరాలు చీమల్లా అయ్యేవి, చదవలేక పక్కన పడేస్తారేమోనని టెన్షన్. ఒక మాట కొట్టేసి ఇంకో మాట రాసే చోటు కార్డు మీద ఉండదు. కాబట్టి ముందు నోటు పుస్తకంలో రాసి, కుదించి, మాటలు లెక్కపెట్టి, అప్పుడు కార్డు ముట్టుకునేవాణ్ణి. కుదించడం అనే విద్య నాకు ఆ అట్టముక్క నేర్పింది.

ఇక అసలు విషయం. చిన్న కథ తన కాళ్ళ మీద తాను నిలబడదు. పాఠకుడి దగ్గర చేబదులు తీసుకుని నడుస్తుంది. ఊరు ఎలా ఉంటుందో చెప్పడానికి దానికి చోటు లేదు, పాఠకుడికి తెలిసిన ఊరిని వాడుకుంటుంది. తల్లి ఎలాంటిదో చెప్పే వీల్లేదు, పాఠకుడి తల్లిని వాడుకుంటుంది. నవల అయితే ఒక లోకాన్ని ఇటుక ఇటుక పేర్చి చూపిస్తుంది. చిన్న కథ తలుపు కొడుతుంది, లోపలి ఇల్లంతా పాఠకుడిదే. ఇచ్చేవాడి దగ్గర ఉంటేనే కదా బదులు పుట్టేది! అతని దగ్గర లేనిది అడిగితే కథ అక్కడే కూలిపోతుంది.

దీనికి మంచి ఉదాహరణ ఆరు ఇంగ్లీషు మాటల కథ. మీరూ చూసే ఉంటారు, ఫోన్లలో తెగ తిరుగుతుంది. "అమ్మకానికి: పసిపాప బూట్లు, ఒక్కసారీ తొడగనివి" అని దాని భావం. అమెరికా రచయిత హెమింగ్వే పందెం కాసి రాశాడని చెప్తారు గానీ ఆయన రాశాడనడానికి ఆధారం లేదు. అలాంటి ప్రకటనల గురించి అమెరికా పత్రికల్లో ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళలోనే రాతలు వచ్చాయి. సరే, ఎవరు రాసినా ఆ సమాజంలో అది బలంగా తగులుతుంది. బిడ్డ పుట్టకముందే గది అలంకరించి, బూట్లు కొని పెట్టుకునే అలవాటు వాళ్ళకి ఉంది. ఆ బూట్లు అమ్మకానికి వచ్చాయంటే ఏం జరిగిందో వాళ్ళ గుండెకి తెలిసిపోతుంది.

దాన్నే తెలుగులో మా ఊళ్ళో పెద్దావిడ ఒకరికి చెప్పి చూశాను. "సైజు సరిపోలేదేమో" అంది. ఆవిడ తప్పేం లేదు. మన ఇళ్ళల్లో చాలాచోట్ల పురిటికి ముందు బిడ్డకని ఏదీ కొనరు. కొంటే దిష్టి అంటారు. పుట్టాక కూడా మొదట మెత్తటి పాత బట్టల్లోనే చుడతారు. కాబట్టి తొడగని బూట్లు అంటే మనకి ఎవరో బహుమతిగా ఇచ్చినవి, పిల్లాడు ఎదిగిపోయాడు అనే తడుతుంది. కథ అడిగిన బదులు ఆవిడ దగ్గర లేదు. అదే విషాదం తెలుగులో రాయాలంటే వేరే వస్తువు కావాలి. పుట్టింటి నుంచి తిరిగొచ్చిన అమ్మాయి ట్రంకుపెట్టెలో అమ్మ చించి మడతపెట్టిన పాత చీర ముక్కలు ఉన్నాయని రాయండి. మనవాళ్ళకి ఇంకేం చెప్పక్కర్లేదు.

ఇలా చూస్తే ఈ ప్రక్రియకి తెలుగు చాలా అనువైన భాష. ఈ సంగతి మనవాళ్ళు తగినంతగా పట్టించుకోలేదని నా బాధ. ఒక వాక్యం చూడండి: "వెళ్ళిపోదామనుకుంటూనే ఉండిపోయింది." రెండే మాటలు. ఆడమనిషి అని తెలిసింది, వెళ్ళాలనుకుందని తెలిసింది, ఒకనాడు కాదు చాలాకాలం అనుకుందని తెలిసింది, వెళ్ళలేదనీ తెలిసింది. ఇంగ్లీషులో దీనికి ఆరేడు మాటలైనా కావాలి. నేను వంద మాటల ఇంగ్లీషు కథని తెలుగు చేసినప్పుడల్లా డెబ్భై దగ్గర తేలేది. కాబట్టి ఇంగ్లీషు పోటీల నుంచి ఎత్తుకొచ్చిన వంద మాటల హద్దు మనకి నిజానికి కాస్త విశాలమైన చోటే.

గ్వాటెమాలా రచయిత అగస్తో మొంతెర్రోసో 1959లో అచ్చేసిన ఏడు మాటల స్పానిష్ కథ ఒకటుంది. నిద్రలేచిన మనిషి ఆడో మగో అందులో చెప్పడు, ఆ భాషలో క్రియని బట్టి అది తెలియదు కూడా. ఇంగ్లీషులోకి తేవాలంటే అతనో ఆమో తేల్చాలి. తెలుగులో ఆ ఇబ్బందే లేదు: "నిద్ర లేచేసరికి డైనోసార్ ఇంకా అక్కడే ఉంది." ఆరు మాటల్లో అయిపోయింది, లేచింది ఎవరో తెలియకుండానే.

చుట్టరికాల పేర్లు ఇంకో పెద్ద ఆస్తి. "తోడికోడలు" అన్నామంటే ఇద్దరు అన్నదమ్ములు, ఒక వంటిల్లు, ఒక అత్తగారు, లోలోపలి పోటీ, అన్నీ ఆ ఒక్క మాటలో వచ్చేస్తాయి. పిలుపులు సరేసరి. ఒకసారి నాకొచ్చిన కార్డు కథలో ఇద్దరు తోడికోడళ్ళు. చిన్నామె పెద్దామెని కథంతా "అక్కా" అంటుంది. ఆస్తి పంపకాలు జరుగుతాయి, నడింట్లో గోడ లేస్తుంది. ఆఖరి వాక్యంలో చిన్నామె గోడ అవతలికి చెయ్యి చాపి "ఏమండీ, మీ గిన్నె మా ఇంట్లో ఉండిపోయింది" అంటుంది. అంతే. పంపకాల్లో ఎవరికి ఎంత అన్యాయం జరిగిందో రచయిత ఒక్క ముక్క చెప్పలేదు. "అక్కా" పోయి "ఏమండీ" రావడం, "మీ", "మా" అనే రెండు చిన్న మాటలు చాలు. పాతికేళ్ళయినా ఆ గిన్నె నాకు కనిపిస్తూనే ఉంది.

ఇక్కడే ఒక తేడా గమనించండి. నానీలనే చిట్టి కవితలు రాసే మిత్రులు కొందరు చిన్న కథ కూడా అలాంటిదే అనుకుంటారు. ఎన్.గోపి గారు 1997లో తెచ్చిన నానీకి నాలుగు పాదాలు, ఇరవై నుంచి పాతిక అక్షరాలు. అందులో ఒక భావమో ఒక దృశ్యమో మెరిస్తే చాలు. కథ అన్నాక మొదటి వాక్యానికీ ఆఖరి వాక్యానికీ మధ్య ఏదో ఒకటి కదలాలి. గిన్నె కథలో పిలుపు కదిలింది. మీ కథల్ని "మొదలుపెట్టి ఆపేశారు" అంటున్నవాళ్ళు బహుశా ఈ కదలిక కోసం వెతికి ఉంటారు.

బలం ఎక్కడ పతాకస్థాయికి వెళ్తుందో చూడాలంటే సాదత్ హసన్ మంటో దేశవిభజన మీద ఉర్దూలో రాసిన చిన్న చిన్న తునకలు చదవండి. 1948లో "సియాహ్ హాషియే" అనే పుస్తకంగా వచ్చాయి. నల్లటి అంచులు అని అర్థం. కొన్ని రెండు మూడు వాక్యాలే. ఒకదాంట్లో తెల్లవారుజామున బండి మీద ఐసు అమ్ముకునేవాణ్ణి పొడిచేస్తారు. శవాన్ని పోలీసులు తీసుకెళ్తారు. ఐసు కరిగిన నీళ్ళలో రక్తం గడ్డకట్టి రోడ్డు మీద మెరుస్తూ ఉంటుంది. టాంగాలో, అంటే గుర్రబ్బండిలో వెళ్తున్న పిల్లాడు అమ్మ చెయ్యి లాగి "చూడమ్మా, జెల్లీ" అంటాడు. కథ అయిపోయింది.

దీన్ని ఇరవై పేజీలు రాస్తే ఏమవుతుంది? ఐసు అమ్మేవాడి పేరు, మతం, భార్యాబిడ్డలు వస్తారు. పొడిచినవాడి పేరు, మతం వస్తాయి. చదివేవాడు వెంటనే ఒక పక్షం తీసుకుంటాడు. మంటో ఆ సదుపాయం మనకి ఇవ్వలేదు. ఎవరు ఎవర్ని చంపారో తెలియదు కాబట్టి మన కోపం పోయి దాక్కునే చోటు దొరకదు. 1947 గురించి పాఠకుడికి ముందే తెలుసు, ఆ తెలిసినదాన్ని మంటో చేబదులుగా తీసుకున్నాడు. తీసుకుని, పాఠకుడు ఎన్నడూ చూడని వైపు నుంచి, పసివాడి కళ్ళతో తిరిగి చూపించాడు. ఇంత భయంకరమైన విషయానికి చిన్న రూపమే తగినదని నేను గట్టిగా నమ్ముతాను. ఎక్కువసేపు చూడలేని దాన్ని తక్కువసేపు చూపించాలి.

ఇప్పుడు రోగాల సంగతి. మొదటిది మెరుపు ముగింపు మోజు. పత్రికల్లో పేజీ కథలకి ఇది పెద్ద తెగులు. ఆఖరి వాక్యంలో ఏదో ఒకటి విప్పి పాఠకుణ్ణి ఉలిక్కిపడేలా చెయ్యాలనే తాపత్రయం. తెలుగులో దీనికి ఒక ప్రత్యేకమైన వెసులుబాటు కూడా ఉంది, అది మనల్ని బాగా చెడగొట్టింది. "వచ్చింది, అలిగింది, ఒళ్ళో కూర్చుంది" అంటే ఆడపిల్లా కావచ్చు, పిల్లీ కావచ్చు, స్కూటరూ కావచ్చు. క్రియ ఒకటే. దాంతో కథంతా ప్రియురాలి గురించి అన్నట్టు నడిపి, చివర్లో "అది మా ఇంటి కుక్కపిల్ల" అని విప్పే కథలు నాకు వారానికి ఒకటైనా వచ్చేవి. మొదట్లో నవ్వొచ్చేది. నాలుగో నెల నుంచి రెండో వాక్యంలోనే కుక్క కనిపించేది.

అలాంటివి పొడుపుకథలు. పొడుపుకథ మన జాతి సొత్తు, నాకు దాని మీద చిన్నచూపు లేదు. కానీ దాని పద్ధతి వేరు. విడుపు తెలిసిన మరుక్షణం అది అయిపోతుంది, తెలిసినవాడు ఇంకోసారి వినడు, ఇంకొకరిని పొడవడానికి వెళ్తాడు. గిన్నె కథ ముగింపు మీకు ఇప్పుడు తెలుసు. అయినా మొదటి నుంచి చదివితే ప్రతి "అక్కా" దగ్గరా మనసు చివుక్కుమంటుంది. ముగింపు ముందే చెప్పేసి కథ వినిపించండి. ఇంకా పనిచేస్తే అది కథ. నేను వడపోతలో ఎక్కువగా వాడిన పరీక్ష ఇదే. ముందు ఆఖరి వాక్యం చదివి, తర్వాత మొదలుపెట్టేవాణ్ణి.

నేను రాసిన ఒక కథతో ఇది చూపిస్తాను. రేషన్ షాపు దగ్గర కళ్ళారా చూసిన చిన్న విషయంతో అల్లినది. మొదట రాసింది ఇలా ఉంది: ముసలాయన వేలిముద్ర మిషన్‌లో పడదు. డీలర్ విసుక్కుంటాడు. పోయిన నెల పడిందిగా అంటాడు. ముసలాయన అది మా ఆవిడ వేలు అంటాడు. అయితే ఆవిణ్ణి తీసుకురా అంటాడు డీలర్. ముసలాయన సంచీ మడిచి చంకలో పెట్టుకుని, "ఎలా తెస్తానయ్యా, పోయి పదకొండు రోజులైంది" అంటాడు. అక్కడితో ఆపాను. మెరుపు ముగింపు, కంట తడి, అన్నీ ఉన్నాయి. ఒక ఫ్రెండ్‌కి చదివి వినిపిస్తే "బాగుంది" అని టీ తాగడం మొదలుపెట్టాడు. ఆ టీ చూసి నాకు అర్థమైంది, ఎక్కడో తప్పు చేశానని.

రెండు నెలల తర్వాత తిరగరాశాను. పూర్తిగా ఇస్తున్నాను:

"డీలర్ మూడుసార్లు వేలు తుడిచి పెట్టమన్నాడు. పడలేదు. సున్నం పనిలో అరిగిపోయిన వేళ్ళు.

'పోయిన నెల పడిందిగా?'

'అది మా ఆవిడ వేలు.'

'అయితే ఆవిణ్ణి పంపించు, బాబాయ్.'

లైన్లో వెనకున్నామె ముందుకి వంగి డీలర్‌కి ఏదో చెప్పింది. అతను మిషన్ పక్కకి జరిపాడు. సంచీ అందుకుని బియ్యం పొయ్యడం మొదలుపెట్టాడు. ముల్లు ఐదు దగ్గరికి వచ్చింది. ముసలాయన సంచీ మూతి పట్టుకోబోయాడు.

'ఉండు,' అన్నాడు డీలర్ తల ఎత్తకుండా. 'కార్డులో ఇంకా ఇద్దరున్నారు.'

ముల్లు పది దాకా వెళ్ళింది."

మొదటిదాంట్లో చావు ఆఖరి వాక్యంలో దాగుంది. రెండోదాంట్లో అది కథ నడుమ, వెనకున్నామె గుసగుసలో, మనకి వినపడకుండానే వెళ్ళిపోయింది. చనిపోయిందనే మాట ఎక్కడా లేదు. చావు తెలిసిపోయాక కథ మిగిలింది. విసుక్కున్న మనిషి క్షమాపణ చెప్పలేక ఐదు కేజీలు ఎక్కువ పోస్తాడు. ముసలాయనకి ఒక మనిషి బియ్యం చాలని తెలుసు, అందుకే ఐదు దగ్గరే సంచీ మూతి పట్టుకోబోయాడు. మాటల సంఖ్యలో పెద్ద తేడా లేదు. దాచిపెట్టే చోటు మారింది, అంతే. ఈసారి అదే ఫ్రెండ్ "ఆ డీలర్ వయసెంత ఉంటుంది?" అని అడిగాడు. ఆ ప్రశ్న నాకు ఏ బహుమతి కన్నా ఎక్కువ సంతోషం ఇచ్చింది.

రెండో రోగం ఇంకా లోతైనది, ఎందుకంటే అది బలంలోంచే పుడుతుంది. పాఠకుడి దగ్గర బదులు తీసుకోవాలి అన్నాను కదా. అతని దగ్గర రెండు రకాల సరుకు ఉంటుంది. సొంత జ్ఞాపకాలు ఒకటి. ఊరందరి నోటా నలిగిన అభిప్రాయాలు ఇంకొకటి. రెండోది అడగ్గానే వచ్చేస్తుంది. అమెరికా కొడుకు అంటే స్వార్థపరుడు. వృద్ధాశ్రమం అంటే అన్యాయం. కోడలు అంటే గయ్యాళి. బిచ్చగాడు అంటే నిజాయితీపరుడు. పల్లెటూరు అంటే ప్రేమ, నగరం అంటే డబ్బు. మనిషిని నిర్మించడానికి చోటు లేని రచయితకి ఈ అచ్చు బొమ్మలు చేతికందేలా ఉంటాయి. ఒక్కో దీపావళి పోటీలో నా బల్ల మీదకి వచ్చిన కట్టలో వృద్ధాశ్రమం కథలు విడిగా ఒక దొంతర అయ్యేవి. అన్నిట్లోనూ అమ్మ ఒకటే, కొడుకు ఒకడే, ఆఖరి వాక్యం ఒకటే. వృద్ధాశ్రమంలో సుఖంగా ఉన్న తల్లి, ఇంటికి రానని మొండికేసిన తల్లి ఒక్కరూ రాలేదు. అలాంటివాళ్ళు నాకు నిజజీవితంలో ఇద్దరు తెలుసు.

పెద్ద కథలో ఇలాంటి బొమ్మ పెట్టినా పది పేజీలు నడిచేసరికి అది రచయిత మీద తిరగబడుతుంది. అమెరికా కొడుకుతో పది పేజీలు గడిపితే వాడి ఇఎంఐలు, వాడి భయాలు, రాత్రిళ్ళు వాడికొచ్చే కలలు రాయక తప్పదు. రాస్తూంటే వాడు మనిషైపోతాడు. చిన్న కథలో ఆ తిరుగుబాటుకి టైమే లేదు. అందుకే చిన్న కథ రాసేవాడు మొదట తన మెదడుకి తట్టిన మనిషిని అనుమానించాలి.

మూడోది హద్దు. రోగం అనను, ఎందుకంటే దీనికి మందు లేదు. నెమ్మదిగా జరిగే మార్పు ఇందులో పట్టదు. పాలగుమ్మి పద్మరాజు గారి "గాలివాన" మీరు చదివే ఉంటారు. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చిన కథ. నియమాలతో బతికే రావుగారు, రైల్లో అడుక్కునే మనిషి, ఒక రాత్రి తుపాను. ఆ రాత్రంతా గడిచేసరికి ఆయన ఏళ్ళ తరబడి కట్టుకున్న సిద్ధాంతాలు నిలవవు. ఒక సాయంత్రం మా వర్క్‌షాప్‌లో అందర్నీ దాన్ని వంద మాటల్లోకి తెమ్మన్నాను. సంఘటనలన్నీ పట్టాయి. రైలు, స్టేషను, గాలి, ఆ మనిషి, తెల్లవారడం, అన్నీ వచ్చాయి. చదివితే జిల్లా పేజీలో వార్తలా ఉంది. ఎందుకు? మూలకథలో ఆ గాలి మన మీద కూడా పేజీల కొద్దీ వీస్తుంది. చీకట్లో ఆయనతో పాటు మనమూ భయపడతాం, అలసిపోతాం, అప్పుడు గానీ ఆయన మనసు కరగడాన్ని నమ్మం. ఆ సమయాన్ని పాఠకుడి దగ్గర బదులు తీసుకోలేం. అతని చేత ఖర్చు పెట్టించాల్సిందే.

కవబాతా సంగతీ ఇలాంటిదే. నోబెల్ బహుమతి అందుకున్న ఆ జపాన్ రచయిత 1920ల నుంచి చనిపోయేదాకా అరచేతిలో పట్టే కథలంటూ వందకి పైగా రాశాడు. జీవితం చివర, 1972లో, తన ప్రసిద్ధ నవల "మంచు దేశం"లోంచే కొన్ని దృశ్యాలు ఏరి కొద్ది పేజీల్లోకి కుదించాడు. రైలు కిటికీ అద్దంలో కనిపించే అమ్మాయి ముఖం లాంటివి అందులోనూ మెరుస్తాయి. నవలలో నాయికానాయకుల మధ్య ఏళ్ళ తరబడి పేరుకున్న వ్యర్థత మాత్రం అరచేతిలో పట్టలేదని నాకు అనిపించింది. రష్యన్ రచయిత చెఖోవ్ 1880ల్లో మెడిసిన్ చదువుకుంటూ, ఇల్లు గడవడానికి, పీటర్స్‌బర్గ్ హాస్యపత్రికకి దాదాపు వంద పంక్తుల హద్దులో రాసేవాడు. ఆ హద్దు ఆయన చేతికి పదును పెట్టింది. కానీ 1888లో రాసిన "స్టెప్పీ" మైదానంలో ఒక పిల్లాడి ప్రయాణం. ఆ మైదానం ఎంత పెద్దదో తెలియడానికి కథ కూడా అంత పొడుగు ఉండాలి. ఆయన చిన్నది వదిలేశాడని దీనర్థం కాదు. ఏ విషయానికి ఎంత చోటు కావాలో ఆ విషయాన్నే అడిగాడు.

కాబట్టి మీకు ఒక ఆలోచన తట్టినప్పుడు ఇలా చూసుకోండి. అది ఒక నిమిషంలో బయటపడే విషయమా? పిలుపు మారడం, చెయ్యి ఆగడం, ఒక వస్తువు చేతులు మారడం లాంటిదా? అయితే చిన్న కథే రాయండి, పెద్దది చేస్తే పల్చబడుతుంది. ఒక మంచి మనిషి ఇరవై ఏళ్ళలో లంచగొండి ఎలా అయ్యాడన్నదా? అయితే వంద మాటల్లో రాయకండి. తప్పదంటే ఆ ఇరవై ఏళ్ళూ వదిలేసి, మొదటి లంచం కవరు తెచ్చి భార్య చేతికి ఇచ్చిన సాయంత్రాన్ని మాత్రం రాయండి.

చిన్న చిన్న పనిముట్ల గురించి త్వరగా చెప్పేస్తాను. శీర్షికని సాధారణంగా మాటల లెక్కలో కలపరు, కాబట్టి దానితో పని చేయించుకోండి. కథలో లేని సమాచారం ఒకటి శీర్షికలో పెట్టవచ్చు, కానీ ముగింపుని అక్కడ బయటపెట్టకండి. పేర్లు పొదుపుగా వాడండి, నూటపాతిక మాటల్లో మూడు పేర్లొస్తే పాఠకుడు తికమకపడతాడు, చుట్టరికం చాలు. రాసింది పైకి చదవండి. ఆఖరి వాక్యం కొట్టేసి చూడండి, నా అనుభవంలో సగానికి సగం సార్లు దాని ముందు వాక్యమే అసలు ముగింపు. ఒకేసారి పది చిన్న కథలు చదవకండి, చదివించకండి. ఒక్కో కథకీ కొత్త ఇంట్లోకి అడుగుపెట్టాలి, ఐదో ఇంటికి ఎవరికైనా ఓపిక అయిపోతుంది. చిన్న కథల సంపుటాలు వరసగా చదివితే చప్పగా అనిపించడానికి కారణం ఇదే, కథల తప్పు ఉండకపోవచ్చు.

ఇంకో విషయం మనసులో ఉంచుకోండి. ఈ రూపం ఇప్పుడు ఫోన్లో బతుకుతోంది. పాఠకులు ఇంతమంది ఎన్నడూ లేరు, అది పెద్ద అదృష్టం. కానీ రేషన్ షాపు కథ ఒకరోజు నాకే ఫార్వర్డ్‌గా వచ్చింది. పేరు లేదు. అది ఫర్వాలేదు. ముల్లు పది దాకా వెళ్ళాక, కింద ఎవరో ఒక వాక్యం చేర్చారు: "మానవత్వం ఇంకా బతికే ఉంది మిత్రులారా." ఆ రోజంతా అన్నం సయించలేదు. నేను అంత కష్టపడి చెప్పకుండా వదిలిన దాన్ని ఎవరో మంచి ఉద్దేశంతోనే చెప్పేశారు. డీలర్ తల ఎత్తకపోవడంలో ఉన్నదంతా ఆ ఒక్క వాక్యంతో పోయింది.

మీ కథ దగ్గరికి వస్తాను. ఊళ్ళో ఒంటరిగా ఉన్న తల్లికి హైదరాబాద్ కొడుకు స్మార్ట్‌ఫోన్ పంపిస్తాడు. ఆమె వీడియో కాల్‌లో కొడుకు ముఖం చూసి ఏడుస్తుంది. "ఫోను దగ్గర చేసింది, మనిషి దూరమయ్యాడు" అని ముగించారు. తల్లి, కొడుకు, కన్నీళ్ళు, ముగింపు, ఇవన్నీ నేను పైన చెప్పిన అచ్చు బొమ్మలు. ఆ ఆఖరి వాక్యం మీరే మీ కథ కింద చేర్చుకున్న ఫార్వర్డ్ వాక్యం, తీసెయ్యండి. కానీ మూడో పేరాలో, మీరు పెద్దగా పట్టించుకోకుండా, ఒక మాట రాశారు. ఆవిడకి ఫోను ఎలా పట్టుకోవాలో తెలియక కొడుక్కి ఎప్పుడూ ఆవిడ నుదురు, పైన తిరుగుతున్న ఫ్యాను మాత్రమే కనిపిస్తాయని.

అది మీరు చూసిందే అయ్యుంటుంది, ఎవరి దగ్గరా ఎత్తుకొచ్చింది కాదు. దూరాన అమ్మ ఉన్న ప్రతివాడి దగ్గరా ఆ నుదురు, ఆ ఫ్యాను ఉన్నాయి. బదులు అడగాల్సింది దాన్ని. కథని ఆ ఫ్యానుతో మొదలుపెట్టండి. కొడుకు రోజూ "కిందికి దించమ్మా" అంటాడు, ఆవిడ దించదు. తర్వాత ఒకరోజు ఫోను సరిగ్గా పట్టుకుంటుంది, ముఖమంతా కనిపిస్తుంది. అప్పుడు అతను ఏం చూశాడన్నది మీరు ఆలోచించండి. రాసి ఇక్కడే పెట్టండి, చదువుతాను.